బిందె, గోడ, అక్షరం

డిజైన్ చరిత్ర పేరుతో కాలేజీలో మాకు చెప్పిన పాఠం జర్మనీలో మొదలైంది. 1919లో వైమార్ పట్నంలో పెట్టిన బౌహౌస్ బడి, అక్కణ్నించి స్విట్జర్లాండ్, అమెరికా, చివరాఖరికి 1961లో అహ్మదాబాద్. నాలుగేళ్ల చదువులో ఆ చరిత్ర కృష్ణానది దాకా రాలేదు. ఇంక తిరువూరు దాకా ఏం వస్తుంది? అందులో మాదిగ చెయ్యి లేదు, మాల చెయ్యి లేదు, గోడల మీద అక్షరాలు రాసి పొట్టపోసుకున్న పెయింటరు చెయ్యి లేదు. మన చరిత్ర మనం రాసుకోకపోతే అది లేనట్టే లెక్కగడతారని మనవాళ్లు చాలాకాలంగా చెబుతున్నారు. కవిత్వంలో, కథలో ఆ పని కొంత జరిగింది. బొమ్మలో, రంగులో, అక్షరం ఆకారంలో ఇంకా జరగాల్సే ఉంది. గ్రాఫిక్ డిజైన్ చదివిన మాదిగ ఆడపిల్లగా, ఇప్పుడు సర్కారు బళ్లో డ్రాయింగ్ చెప్పే పంతులమ్మగా నాకు తెలిసినంత మేర రాస్తున్నాను.

మాది తిరువూరు పక్క పల్లె. విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే రోడ్డు మీద ఆంధ్ర అంచున ఉంటుంది తిరువూరు. దాటితే ఖమ్మం జిల్లా. 2014 నుంచి అది వేరే రాష్ట్రం. కృష్ణా జిల్లా వాళ్లం కాస్తా 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లా వాళ్లమయ్యాం. కృష్ణా జిల్లా అనగానే బయటివాళ్లకి కాలవలు, రెండు పంటలు, గుమ్ములు గుర్తొస్తాయి. మాది మెట్ట. మామిడి తోటలు, పత్తి, మిరప. నియోజకవర్గం ఎస్సీలకి రిజర్వు. ఇక్కడినుంచి గెలిచిన కోనేరు రంగారావు గారు ఉపముఖ్యమంత్రి దాకా వెళ్లారు. పేదల భూముల మీద ఆయన కమిటీ 2006లో పెద్ద నివేదిక కూడా ఇచ్చింది. సీటు రిజర్వు అయినంత తేలిగ్గా సెంటు భూమి మాకు రిజర్వు కాలేదు. మా గూడెంలో సొంత చెక్క ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మా తాత లంద పని చేసినవాడు. గొడ్డు తోలు సున్నపు నీళ్లలో నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క దంచి పోసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టేవాడు. ఆ తోలుతో చెప్పులు, చర్నాకోలలు, ఎద్దుల మెడపట్టీలు, మోట బొక్కెనలు కుట్టేవాడు. మోట బొక్కెన చూడని పిల్లలకి చెప్పాలి. అది పెద్ద తోలు సంచి. అడుగున ఏనుగు తొండంలాంటి తోలుగొట్టం ఉంటుంది. బావిలోకి దిగేటప్పుడు తొండం పైకి మడిచి ఉంటుంది. ఎద్దులు లాగితే బొక్కెన పైకొస్తుంది. గట్టు దగ్గరికి రాగానే తొండం జారి, నీళ్లు వాటంతటవే కాలవలో పడతాయి. మనిషి చెయ్యి పెట్టి వంచక్కర్లేదు. సంచి బరువెంత ఉండాలి, తొండం పొడవెంత, కుట్టు ఎక్కడ వేస్తే నీరు కారదు, ఇవన్నీ తాత చేతి లెక్కలు. ఆయన కుట్టిన తోలు గుండా వచ్చిన నీళ్లు ఊళ్లో పొలాలన్నీ తాగాయి. ఆయన మాత్రం అదే బావి గట్టున దోసిలి పట్టి నిలబడేవాడంట. ఎవరైనా వచ్చి పైనుంచి పోస్తే తాగేవాడంట. మా నాయనమ్మ ఈ మాట ఏడుస్తూ చెప్పలేదు. మామూలు సంగతి చెప్పినట్టే చెప్పింది.

ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చి మోట పోయింది. ప్లాస్టిక్ చెప్పులొచ్చి లంద ఎండింది. నాన్న కూలికి పోయాడు. బాబాయి తిరువూరులో ఒక బోర్డు పెయింటరు దగ్గర బ్రష్షులు కడిగే పనికి చేరాడు. కడుగుతూ కడుగుతూ అక్షరం పట్టాడు. ఎరువుల కొట్లు, సినిమా హాళ్లు, ట్రాక్టర్లు, ఎలక్షన్లొస్తే పార్టీల గోడలు. ఆయన దగ్గరే నేను డిజైన్‌లో మొదటి పాఠం నేర్చుకున్నాను. దారానికి సుద్దపొడి పూసి, చెరో కొసా పట్టుకుని లాగి వదిలితే గోడ మీద తిన్నటి గీత పడుతుంది. పై గీత తలకట్టుకి. నడిమి గీత అక్షరం కూర్చోడానికి. మూడోది ఒత్తుకి.

“ముందు ఒత్తుకి చోటొదలాలమ్మాయ్. పైన అక్షరం నిండుగా రాసుకొచ్చి, కింద చోటు లేదని ఒత్తుని నలిపేస్తే చదివేవోడు తడబడతాడు” అనేవాడు.

తర్వాత కాలేజీలో తెలుగు టైపోగ్రఫీ క్లాసు ఇంగ్లీషు అక్షరాల కొలతలతో మొదలుపెట్టారు. ఆ కొలతల్లో తెలుగు రాస్తే ఒత్తులు కింది లైను నెత్తినెక్కాయి. కంప్యూటర్ మీద తెలుగు అక్షరానికి లైనుకీ లైనుకీ మధ్య ఎక్కువ జాగా ఎందుకు కావాలో సిద్ధాంతంగా తర్వాత చెప్పారు. మా బాబాయికి అది సుద్దదారం నాటి సంగతి.

గూడెంలో చర్చి పక్క గోడ మీద అంబేద్కర్ బొమ్మ కూడా ఆయనే వేశాడు. కేలండర్‌లో ఫొటో మీద పెన్సిల్‌తో గళ్లు గీశాడు. అంగుళం గడికి అడుగు గడి చొప్పున గోడ మీద గళ్లు కొట్టి, ఒక్కో గడీ ఎత్తి రాశాడు. ఎనామిల్ కొనే డబ్బుల్లేక కోటుకి సున్నంలో నీలిమందు కలిపాడు. బట్టలకి పెట్టే నీలిమందే. రెండు వానలకి వెలిసేది, మళ్లీ పూసేవాళ్లు. కలర్ థియరీ క్లాసులో నీలం చల్లటి రంగు, ఆకాశం, ప్రశాంతి అని రాసుకున్నాను. మాకు తెలిసిన నీలం వేరు. 1942లో నాగపూర్‌లో అంబేద్కర్ పెట్టిన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ జెండా నీలం. అది తర్వాత రిపబ్లికన్ పార్టీకొచ్చింది, దేశంలో ప్రతి దళితవాడకీ వచ్చింది. రంగు అంటే అందం మాత్రమే అనేవాళ్లకి మన రాష్ట్రంలోనే జవాబుంది. పంచాయతీ ఆఫీసులకి అధికార పార్టీ రంగులు వేస్తే 2020లో హైకోర్టు తియ్యమంది, సుప్రీంకోర్టు కూడా తియ్యమనే చెప్పింది. గోడ రంగు మీద దేశంలో పెద్ద కోర్టు దాకా పోయారంటే రంగుకి రాజకీయం లేదని ఎట్లా అంటారు?

గుర్తుల సంగతీ అంతే. లోగో అంటే కంపెనీల సొత్తని పాఠంలో చెబుతారు. ఈ దేశంలో జనం మొట్టమొదట చదివిన లోగోలు ఎన్నికల గుర్తులు. 1951–52 ఎన్నికలప్పుడు ఓటర్లలో ఎక్కువమందికి చదువు రాదు. అందుకని ఒక్కో అభ్యర్థికీ ఒక్కో బ్యాలెట్ పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. అంబేద్కర్ ఫెడరేషన్‌కి వచ్చిన గుర్తు ఏనుగు. ముప్పై ఏళ్లు దాటాక, 1984లో కాన్షీరాం పెట్టిన బహుజన సమాజ్ పార్టీ మళ్లీ ఆ ఏనుగునే నడిపించింది. ఎన్నికల సంఘంలో కూర్చుని ఇట్లాంటి గుర్తులెన్నో పెన్సిల్‌తో గీసిన మనిషి ఎం.ఎస్. సేథీ. నాగలి, సైకిలు, దీపం, చూడగానే కూలివాడికి తెలియాలి, పక్కదానితో కలిసిపోకూడదు. ఇంతకంటే కష్టమైన డిజైన్ ప్రాజెక్టు ఏ కాలేజీ ఇస్తుంది? మా సిలబస్‌లో అది ఒక్క పేజీ లేదు.

పేరు కూడా బొమ్మే. 1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. పంచములంటే ఐదోవాళ్లు, లెక్కలోకి రానివాళ్లు. ఆ పేరు మాకొద్దు, మేం ఈ నేలకి ఆదివాళ్లం అని సభ పేరే ఆది ఆంధ్ర మహాసభగా మార్చుకున్నారు. మా తిరువూరుకి డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరంలో జరిగిన సంగతిది. డెబ్బై ఏడేళ్లకి, 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. డప్పూ చెప్పూ గుర్తులయ్యాయి. పేరు చివర మాదిగ అని రాసుకోవడం మొదలైంది. ఆ ఊపులో బాబాయి మా వీధి మొదట్లో గోడ మీద తన పేరు రాసి, పక్కన నిలువెత్తున మాదిగ అని రాశాడు. నాకప్పుడు ఆరేళ్లు. నేను కూడబలుక్కుని చదివిన మొదటి పెద్దక్షరాలు ఆ మూడే. అంతకుముందు ఆ మాట నా చెవినే పడేది, తిట్టుగానే పడేది. గోడ మీద అది తిట్టులా లేదు. తలకట్టు తిన్నగా, గుడి గుండ్రంగా, నీడ వేసి, ఎర్రగా, బలంగా ఉంది. ఒక మాటకున్న మైల అక్షరంతో కడగొచ్చని అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

హాస్టల్లో ఉండి టెన్తు, ఇంటరు గట్టెక్కి, 2005లో ఒక పెద్ద పట్నంలో ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో అప్లైడ్ ఆర్ట్‌లో చేరాను. గ్రాఫిక్ డిజైన్‌కి ఆ కాలేజీల్లో ఉన్న పేరు అది. మా ఇంట్లో డిగ్రీ గుమ్మం తొక్కిన మొదటి మనిషిని నేనే. ఆ చదువులో పరీక్షలకంటే ప్రాజెక్టులెక్కువ. ప్రాజెక్టంటే డబ్బు. డ్రాయింగ్ షీట్లు, పోస్టర్ కలర్లు, మౌంట్ బోర్డు, కలర్ ప్రింట్లు. పెద్ద సైజు కలర్ ప్రింట్లు నాలుగు తీయిస్తే అమ్మ మిరపకోత కూలి రెండ్రోజులది ఎగిరిపోయేది. స్కాలర్‌షిప్పు ఏడాది చివర్లో వచ్చేది, ప్రాజెక్టు గడువు నెలాఖరుకే వచ్చేది. తోటివాళ్లు ఇంటి దగ్గర సొంత కంప్యూటర్ మీద చేసుకొచ్చేవాళ్లు. నేను ల్యాబు మూసేదాకా కూర్చుని, మిగిలింది చేత్తో రాసేదాన్ని. నా లెటరింగ్ బాగుందని మెచ్చుకున్నారు. ఎవరు నేర్పారని ఎవరూ అడగలేదు.

రెండో ఏడు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఇంట్లో రోజూ వాడే వస్తువు ఒకటి ఎంచుకుని పరిశీలించి, దాని మీద పోస్టరు వెయ్యాలి. చదువుకోమని చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతుల నివేదిక ఇచ్చారు. భారత ప్రభుత్వం పిలిస్తే వాళ్లు 1958లో అమెరికా నుంచి వచ్చి, దేశమంతా తిరిగి రాసిన నివేదిక అది. దాని ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టింది. ఈ దేశంలో తాము చూసిన వస్తువులన్నిట్లోకీ గొప్పది మామూలు చెంబు అన్నారు వాళ్లు. ఆ చెంబుని డిజైన్ చెయ్యాలంటే ఎన్ని ప్రశ్నలు వేసుకోవాలో వరసపెట్టి రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి? తల మీద మోస్తారా, చంకన పెట్టుకుంటారా? వంచితే ధార ఎట్లా పడుతుంది? చేతికెట్లా ఆనుతుంది? చప్పుడెట్లా ఉంటుంది? ధరెంత? చివరికి దాన్ని అమ్మితే, ఒకరికిస్తే ఎట్లా ఉంటుందో కూడా అడిగారు.

ఆ పేజీ నేను నాలుగైదుసార్లు చదివాను. గొప్ప పేజీ, కాదన్ను. చూసే కన్ను ఎట్లా ఉండాలో అది నేర్పింది. కానీ ఒక ప్రశ్న అందులో లేదు. ఆ చెంబు ఎవరు ముట్టుకోవచ్చు? అది అడక్కుండా ఈ దేశంలో చెంబు ఆకారం అర్థం కాదు. పైనుంచి దోసిట్లోకి పొయ్యడానికి ధార పల్చగా పడాలి. పెదవి తగలకుండా ఎత్తి పోసుకోవాలి. చెంబు రూపంలోనే అంటరానితనం ఇమిడి ఉంది. వాళ్లు వచ్చేనాటికి రాజ్యాంగం పదిహేడో అధికరణ కింద అంటరానితనం రద్దయి ఎనిమిదేళ్లు. హోటల్లో గ్లాసు, ఊళ్లో బావి ముట్టుకోనివ్వకపోతే నేరం అంటూ 1955లో చట్టమొచ్చి మూడేళ్లు. పరాయి దేశం వాళ్లకి తట్టలేదంటే సరిపెట్టుకుంటాం. ఆ నివేదికని తరాల తరబడి పాఠం చెప్పిన మనవాళ్లకి ఎందుకు తట్టలేదు? ఎందుకంటే వాళ్లెవరూ దోసిలి పట్టినవాళ్లు కాదు.

నేను బిందె ఎంచుకున్నాను. ఏ బిందె? కారంచేడు బిందె. 1985 జూలై 16న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగలు తాగే చెరువు దగ్గర భూస్వాముల కుర్రాళ్లు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే మాదిగ కుర్రవాడొకడు ఇదేంటని అడిగాడు. అతన్ని కొట్టబోయారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త వాళ్ల మీదకి తన చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, 17న, గూడెం మీద పడి ఆరుగురిని చంపారు. ఆ నెత్తుటిలోంచే చీరాల శిబిరం, దళిత మహాసభ, తర్వాతి మన సాహిత్యమంతా వచ్చాయి. ఈమ్స్ దంపతులడిగిన ప్రశ్నల్లో బిందెని తల మీద మోస్తారా, చంకన పెట్టుకుంటారా అని ఉంది. ఆయుధంగా ఎత్తుతారా అని లేదు. నా పోస్టరులో నీలం నేల మీద రెండు నల్లటి చేతులు, చేతుల్లో ఎత్తిన బిందె, కింద బాబాయి రాతలో ఒకటే ముక్క. ‘ఎవరు తాగాలి?’

మేష్టారు చాలాసేపు చూశారు. “బొమ్మ బలంగానే ఉందమ్మా. కానీ ఇది డిజైన్ కాదు, నినాదం. వస్తువు గురించి వెయ్యమంటే గొడవ గురించి వేశావు. డిజైన్ అందరిదీ. అందులోకి కులం తేకు” అన్నారు.

నా పక్క బల్ల అబ్బాయి పూజ చెంబు వేశాడు. మెడకి దారం చుట్టి, మామిడాకులు పెట్టి, పైన కొబ్బరికాయ. దాన్ని సంస్కృతి అన్నారు. అందులో కులం లేదట! నా పోస్టరుకి పాసు మార్కులిచ్చారు. పూజ చెంబు డిపార్టుమెంటు గోడకెక్కింది. మేష్టారు చెడ్డవాడు కాదు. నా ఫీజు కట్టడానికి ఒకసారి తన జేబులోంచి ఇచ్చినవాడు. అందుకే మరీ చెప్పాలి. ఇది ఒక మనిషి మంచిచెడ్డల సంగతి కాదు, అందరిదీ అనే మాట ఎవరి కొలతతో కుట్టారన్న సంగతి.

తర్వాతి ప్రాజెక్టు హస్తకళల దుకాణానికి గుర్తు గియ్యడం. మన సంప్రదాయంలోంచి తీసుకోమన్నారు. బందరు కలంకారీ హంసలొచ్చాయి, కొండపల్లి బొమ్మలొచ్చాయి, ముగ్గులొచ్చాయి. నేను డప్పు గీశాను. గుండ్రటి చట్రం, తోలు బిగించిన ముళ్లు, చిర్ర, సిటికెన పుల్ల. గుర్తుకి అంతకంటే తేటైన ఆకారం ఏముంటుంది? “చావుకి కొట్టేది కదా, కొట్టుకి అశుభం” అన్నారు. పెళ్లికి, జాతరకి, పొలం పనికి, చాటింపుకి కూడా కొడతారని చెప్పాను. వినలేదు.

ఆ కోపంతోనే లైబ్రరీలో వెతికాను. అక్కడ ఒక పాత పుస్తకంలో చేర్యాల పటాలు కనపడ్డాయి. ఎర్రటి నేల మీద నకాషీ చిత్రకారులు వేసే నిలువు పటాలు. ఒక్కో కులానికి దాని పుట్టుక కథ చెప్పే ఆశ్రిత కులం, వాళ్ల చేతిలో ఒక పటం. మా మాదిగలకి డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. పటం విప్పుతూ, ఒక్కో గడీ చూపిస్తూ, లోకం పుట్టకముందే పుట్టిన జాంబవంతుడి కథ చెబుతారు. యాడ్ ఏజెన్సీల్లో స్టోరీబోర్డు అంటారే, అది మా కులం కథతో, మా వాకిట్లో, ఎన్నో తరాలుగా నడుస్తోంది. మాకు సంప్రదాయం లేదని కాదు. మాకున్నదాన్ని సంప్రదాయం లెక్కలో రాసుకోలేదు. ఆ పటం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చివరి ఏడు ప్రాజెక్టుకి నేను తిరువూరు గోడలు తీసుకున్నాను. అది 2008 చలికాలం. అప్పటికే గోడలు ఖాళీ అవుతున్నాయి. దానికి రెండు కారణాలు. ఒకటి, బహిరంగ స్థలాల్లో రాతలు, పోస్టర్లు అరికట్టే 1997 చట్టం. ఎన్నికలప్పుడు దాన్ని గట్టిగా అమలు చేస్తుంటే పెయింటర్లకి ఎలక్షన్ సీజన్ పోయింది. రెండోది ఫ్లెక్సీ. పెయింటరు రెండ్రోజులు రాసేది మిషన్ అరగంటలో ఊదేస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి అక్షరం రాయడం రానక్కర్లేదు. తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం తిరిగి మిగిలిన గోడలు ఫొటోలు తీశాను. నేను కలిసిన పెయింటర్లలో ఎక్కువమంది మాల, మాదిగ, ముస్లిం, బీసీ కులాలవాళ్లే. బోర్డు కింద మూలన తమ పేరు, పక్కన ‘ఆర్ట్స్’ అని రాసుకోవడం వాళ్ల అలవాటు. అదే వాళ్ల సంతకం, అదే వాళ్ల ప్రకటన. బాబాయి చేతిరాతని అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులతో సహా పూర్తి వర్ణమాలగా ట్రేస్ చేసి పెట్టాను. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఫైలు తిరగేసి, “ఇందులో నీ డిజైన్ ఏది? మీ ఊరి పెయింటరు రాసింది ఎత్తి రాశావు” అన్నాడు. ఏ ఒత్తుకి ఎంత చోటు, బ్రష్షు ఎటు తిప్పితే గుడి ఎట్లా మలుగుతుంది అన్నీ చెప్పాను. సెకండ్ క్లాసులో పాసయ్యాను.

కొన్నేళ్లకి ఢిల్లీ చిత్రకారుడు హనీఫ్ కురేషీ ఇలాంటి పనే చేశాడు. వీధి పెయింటర్ల అక్షరాలు సేకరించి, కంప్యూటర్ ఖతులుగా మార్చి, ఆ ఖతులకి ఆ పెయింటర్ల పేర్లే పెట్టాడు. లోకం మెచ్చుకుంది. 2024లో చనిపోయిన ఆ మనిషికి నా దండం. అతను చేసిన అసలు పని ఖతులు చెయ్యడం కంటే పేర్లు పెట్టడం. ఎందుకంటే ఖతి పేరు కూడా చరిత్రే. తెలుగులో యూనికోడ్ ఖతులు లేక అల్లాడుతున్న రోజుల్లో సిలికానాంధ్ర, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి కొన్ని ఖతులు ఉచితంగా ఇచ్చాయి. మంచి పని. మేం బళ్లో ప్రశ్నపత్రాలు వాటితోనే కొట్టుకుంటున్నాం. ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు వరస తెరిచి చూడండి. పెద్దన ఉన్నాడు, తిమ్మన ఉన్నాడు, ధూర్జటి, తెనాలి రామకృష్ణుడు, ఏకంగా శ్రీకృష్ణదేవరాయలు ఉన్నారు. గిడుగు, గురజాడ, ఎన్టీఆర్ ఉన్నారు. గబ్బిలం రాసిన జాషువా లేడు. కుసుమ ధర్మన్న లేడు. భాగ్యరెడ్డి వర్మ లేడు. అష్టదిగ్గజాలు కంప్యూటర్లోకి కూడా మనకంటే ముందే వచ్చి కూర్చున్నారు.

బోర్డు మీద పేరుకి ఇంత గొడవెందుకని అడిగేవాళ్లు 2022 మే 24 గుర్తు తెచ్చుకోవాలి. కోనసీమ జిల్లా పేరు ముందు అంబేద్కర్ పేరు పెడతామంటే అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ పేరు బోర్డుకెక్కడానికి ఇళ్లు కాలాయి. 2024 జనవరిలో విజయవాడలో నూట ఇరవై ఐదు అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. సంతోషమే. ఆ రెండు సంగతులూ ఒకే రాష్ట్రంలో, రెండేళ్ల లోపు జరిగాయని మర్చిపోవద్దు.

మనవాళ్లనీ ఒక మాట అడగాలి. ఏప్రిల్ 14న మన వాడల్లో కట్టే ఫ్లెక్సీలు చూడండి. పైన పార్టీ నాయకులు, కింద మండల నాయకులు, వాళ్ల చుట్టూ పుట్టినరోజు ఫొటోల్లాంటి మొహాలు. బాబాసాహెబ్ ఒక మూలకి పోయాడు. గళ్లు కొట్టి, గడీ గడీ ఎత్తి రాసినప్పుడు ఆయన గోడంతా ఉండేవాడు. ఆ బొమ్మ పూర్తయ్యేదాకా గూడెం పిల్లలం చుట్టూ కూర్చుని, కన్ను ఎప్పుడు పడుతుందా, కళ్లజోడు ఎప్పుడు పెడతాడా అని చూసేవాళ్లం. ఆ చూడటంలో చదువుంది. ఫ్లెక్సీ పొద్దున్నే వచ్చి కట్టేసి ఉంటుంది. నెల తిరక్కముందే కోళ్ల గూటి మీద కప్పుగా మారుతుంది. బాబాయి ఇప్పుడు ట్రాక్టర్ల నంబరు ప్లేట్లు రాస్తాడు, ఇళ్లకి సున్నాలు వేస్తాడు. ఫ్లెక్సీ షాపువాళ్లు పిలిస్తే చట్రాలు బిగించడానికి కూడా పోతాడు.

నేను డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు, టీటీసీ చేసి, డీఎస్సీ రాసి ఉద్యోగంలోకి వచ్చాను. ఇప్పుడు ప్రాజెక్టులిచ్చేది నేను. మన పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర ప్రాజెక్టు పని ఉంటుంది. ఆలోచన మంచిదే. జరిగేదేమిటంటే, తల్లి కూలి డబ్బులతో చార్టు, స్కెచ్ పెన్నులు, అచ్చేసిన బొమ్మల షీట్లు కొనుక్కొచ్చి అంటిస్తారు. డబ్బున్న పిల్లకి చార్టు మెరుస్తుంది, లేని పిల్ల ఆ రోజు బడికి రాదు. ఎందుకు రాలేదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకని నా క్లాసులో కొనకూడదన్నది రూలు. బొగ్గు, కావిరాయి, సున్నం, పసుపు, నీలిమందు, ఆకుపసరు. కాగితం పాత కేలండర్ వెనక. ప్రాజెక్టు ‘మా ఊరి పటం’. మొదటిసారి ఇచ్చినప్పుడు ఎక్కువమంది గుడి, చెరువు, బడి, రచ్చబండ వేసి గూడెం వదిలేశారు. అడిగితే షీటు సరిపోలేదన్నారు. ఏడో తరగతి మాదిగ పిల్ల ఒకతె తమ గూడెం నడిమధ్యన పెట్టి, ప్రతి ఇల్లూ, కుళాయి, వేపచెట్టు, చర్చి వేసుకొచ్చింది. ఊరేదమ్మా అంటే, “ఊరు పట్టలేదు టీచర్” అంది. ఆ రోజు గూడెం వేసినవాళ్ల పటాలు, ఊరు వేసినవాళ్ల పటాలు నేల మీద పక్కపక్కన పేర్చాను. మధ్యలో దారి ఎవరు గియ్యాలన్న దాని మీద పిల్లలు గంటసేపు మాట్లాడుకున్నారు. నాలుగేళ్ల డిజైన్ చదువులో అంత మంచి చర్చ నేను వినలేదు.

ఇప్పుడు మన పిల్లలు డిజైన్ చదువుల్లోకి వస్తున్నారు. 2015లో మన రాష్ట్రానికి కూడా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. ఆ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్పేది కొంచెమే. ఏ వస్తువిచ్చినా దాని బరువు, ధర, అందం అడగండి. దాంతోపాటు ఎవరు చేశారు, ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదన్నారు అని కూడా అడగండి. మార్కులు తగ్గితే తగ్గనివ్వండి, ఆ ప్రశ్న మాత్రం ఫైల్లో ఉండనివ్వండి. సెలవులకి ఊరొచ్చినప్పుడు గోడల ఫొటోలు తియ్యండి. ఏ గోడ, ఏ సంవత్సరం, ఏ పెయింటరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, రాసుకోండి. మీకు ఖతి తయారుచెయ్యడం వస్తే దానికి మనవాళ్ల పేరు పెట్టండి. లంద, మోట, డప్పు, పటం, గోడ, ఇవన్నీ తెలుగు డిజైన్ చరిత్రలో మొదటి అధ్యాయాలు. మనం రాయకపోతే అవి మళ్లీ జర్మనీలోనే మొదలవుతాయి.

సంఘాల్లో పనిచేసే అన్నలకీ అక్కలకీ ఒక పని చెబుతాను. వచ్చే ఏప్రిల్ 14కి ఫ్లెక్సీ ఆర్డరిచ్చే ముందు, మీ వాడలో అక్షరం రాసే చెయ్యి ఇంకా ఉందేమో అడగండి. ఉంటే అతనికొక గోడ ఇవ్వండి, కూలి ఇవ్వండి. చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టండి. బొమ్మ పూర్తయ్యాక కింద మూలన అతని పేరు రాసుకోనివ్వండి.